వెనక చప్పుడు

మనసులో తిట్టుకున్న తిట్టు దేవుడి లెక్కలోకి వస్తుందా రాదా అన్న అనుమానం చిన్నకోడలికి చాలా ఏళ్లుగా ఉంది. నోటితో అంటే పాపమని తెలుసు. అందుకే ఆవిడ నోరు జారి ఎవరినీ ఏమీ అనదు. మరి గిన్నె తోముతూ, బట్ట పిండుతూ, ఎదుటి మనిషికి నవ్వుతూ టీ అందిస్తూ లోపల్లోపల పెట్టిన శాపనార్థాల సంగతేమిటి? పెదవి దాటనిది పైవాడికి వినబడదనుకుంటే, మనసులో చెప్పుకునే ప్రార్థన మాత్రం ఎలా వినబడుతుంది? వింటే రెండూ వినాలి, లేకపోతే రెండూ వినకూడదు. తెలిసినవాళ్లనెవరినైనా అడుగుదామంటే, ముందు ఎవరిని తిట్టుకున్నావో చెప్పమంటారని భయం.

ఆ మధ్యాహ్నం బావగారు గుమ్మంలో నిలబడి "ఏమ్మా, ఇంట్లోనే ఉన్నావా?" అని కేకేసినప్పుడు ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక లెక్కల మాస్టారి పాఠంలోంచి ఫ్రిజ్ మోత తీస్తోంది. మాస్టారికి ముందే చెప్పింది. పాఠం చెప్పేటప్పుడు ఫ్రిజ్ ఆపండి, మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళంచెవి అందులో పెట్టండి, బయటికి వెళ్లాలంటే అదే గుర్తొస్తుంది అని. మాస్టారు బుద్ధిగా తాళంచెవి లోపల పెట్టారు. ఫ్రిజ్ ఆపడం మాత్రం మర్చిపోయారు.

ఇళ్లల్లో కూర్చుని గొంతు రికార్డు చేసుకునేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, కథలు చదివేవాళ్లు, ఆవిడకి పంపిస్తారు. ఫ్యాను గాలి, పక్కింటి కుక్క, కుక్కర్ కూత, వీధిలో హారను, అన్నీ ఏరి పారేసి గొంతు ఒక్కటే మిగిల్చి ఇస్తుంది. వీధిలో ఆవిడకి చప్పుళ్ల డాక్టరని పేరు పడింది. పని చేసేది అత్తయ్య గదిలో. మంచం తీసేశాక గోడలకి పాత బొంతలు వేలాడదీసి, కిటికీకి రెండు తెరలు కట్టి, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టింది. బట్టలు చప్పుడు మింగుతాయి.

బావగారు ఆ గదిలోకి వచ్చి బీరువా వంక చూసి, "తలుపులు వేసుకోవమ్మా, దొంగలు పడ్డట్టుంది" అని నవ్వి కుర్చీ లాక్కున్నారు. ఆయన పాత కార్లు కొని అమ్మే మనిషి. ఇద్దరే ఉన్న గదిలోనైనా ఇంజను మోతలో మాట్లాడుతున్నట్టే మాట్లాడతారు.

"నీతో చిన్న పని పడింది. నీ చేతికి చిటికెలో పని."

చిటికెలో పని అన్నవాళ్ల పని ఎప్పుడూ చిటికెలో అవలేదు. ఆవిడ హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది. "చెప్పండి బావగారూ."

"ఆదివారానికి అమ్మ పోయి ఏడాది. హాలు మాట్లాడాను. చుట్టాలందరికీ కబురు పెట్టాను. ఇదిగో కార్డు."

మందపాటి కార్డు. మధ్యలో అత్తయ్య ఫోటో. కింద నీలం అక్షరాలు. పెద్దకుమారుని చేతుల్లో ప్రశాంతంగా కన్నుమూసిన మాతృమూర్తికి నివాళి. ఆవిడ ఆ వరస రెండుసార్లు చదివింది. అత్తయ్య పోయిన రోజు పొద్దున ఆ చేతులు ఎక్కడో పరాయి ఊళ్లో ఏదో కారు బానెట్ ఎత్తి చూస్తున్నాయి.

"బాగుందా? మాట నాదే."

"అక్షరాలు బాగా పడ్డాయండీ."

"అసలు సంగతి ఇది కాదు." ఆయన ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మ గొంతు నా దగ్గరుంది. పోయే ముందు వచ్చానే, అప్పుడు ఫోను తలగడ మీద పెట్టి రికార్డు చేశాను. ఇంకెవరి దగ్గరా లేదు ఇది. హాల్లో వినిపిద్దామని. కానీ విను ఎలా ఉందో."

ఫోనులోంచి ముందు ఫ్యాను గాలి వచ్చింది. తర్వాత అత్తయ్య. జబ్బు చేశాక నాలుక మందమై, ఒక్కో మాటా మెట్టెక్కినట్టు ఆగి ఆగి వచ్చేది. చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ పాలవాడిని గుద్దేసిన కథ చెబుతోంది. మధ్యలో వంటింట్లో గిన్నె పడిన చప్పుడు. ఎవరో దగ్గు. బకెట్ ఈడ్చిన చప్పుడు. చెప్పుల చప్పుడు. "వస్తున్నా అత్తయ్యా!" అని దూరం నుంచి ఒక గొంతు. చిన్నకోడలు ఉలిక్కిపడింది. అది తన గొంతే. అంత అరుస్తానా నేను?

బావగారు ఫోను ఆపారు. "విన్నావుగా. వెనకంతా చెత్త. గిన్నెలు, బకెట్లు. అమ్మ మాట్లాడుతుంటే ఎవరో గిన్నెలతో యుద్ధం చేస్తున్నట్టుంది. అదంతా తీసెయ్. మధ్యమధ్యలో నీ గొంతు కూడా వస్తోంది, ఏమీ అనుకోకు, అది కూడా తీసెయ్. అమ్మ గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు. అర్థమైందా?"

"అత్తయ్య గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు" అని ఆవిడ వల్లెవేసింది.

"అంతే. శుక్రవారానికి ఇచ్చెయ్." ఆయన లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగారు. "అమ్మ నాతో మాట్లాడిన చివరి మాటలమ్మా ఇవి. జాగ్రత్త."

"అలాగే బావగారూ" అంది ఆవిడ. లోపల మాత్రం, నీ కార్లన్నీ ఒక్క వానకి కొట్టుకుపోను, నీ గొంతు పడిపోను, నీ కార్డులు చెదలు పట్టిపోను అని వరసపెట్టి అనుకుంది. ఇది లెక్కలోకి వచ్చినా సరే, ఈ ఒక్కసారికీ రాసుకోనీ అనుకుంది.

ఆ సాయంత్రం భర్త డిపో నుంచి వచ్చి చేతులకి అంటిన గ్రీజు కడుక్కుంటుంటే ఆవిడ కార్డు తెచ్చి ముఖం ముందు పెట్టింది. ఆయన బస్సులు బాగుచేసే మెకానిక్కు. ఇంజనులో ఎక్కడ చిన్న మోత తేడా వచ్చినా పసిగడతాడు. ఇంట్లో మనుషుల గొంతు ఎంత తేడా వచ్చినా పట్టించుకోడు.

"చదవండి."

"చేతులు తడిగా ఉన్నాయి. నువ్వే చదువు."

చదివింది.

"పోనీలే" అన్నాడాయన. "పెద్దవాడు. నలుగురిలో గొప్ప కోసం రాసుకున్నాడు."

"నా గొంతు తీసెయ్యమన్నారు."

"ఎక్కణ్ణుంచి?"

"అత్తయ్య పక్కనుంచి."

ఆయన కాసేపు సబ్బు రుద్దుకున్నాడు. "పోనీలే, అమ్మకి తెలుసుగా ఎవరు చేశారో."

"మీ అమ్మగారికి తెలిసి ఏం లాభం? ఆవిడ వచ్చి చెబుతారా? ఈ ఇంట్లో పోనివ్వడానికి నేనొక్కదాన్నే దొరికాను అందరికీ. ఆదివారం మీ చుట్టాలందరి ముందూ ఆ గదిలో నేను లేనే లేనని తేలిపోతుంది. ఇన్నాళ్ల చాకిరీ గిన్నెల చప్పుడు కింద జమ!"

"మరి చెయ్యనని చెప్పు."

"ఎందుకు చెప్పాలి? చేస్తాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తాను." అలా అనగానే ఆవిడకే తన మాట కొత్తగా వినిపించింది. ఏదో తీగ తగిలినట్టయింది. "చెప్పింది చెప్పినట్టు" అని మళ్లీ నెమ్మదిగా అంది.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అనుమానంగా చూశాడు. "ఏం చెయ్యబోతున్నావు?"

"చిటికెలో పని" అంది.

మర్నాడు వీధి సద్దుమణిగే వేళకి కూర్చుంది. పని పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు ఎవరూ మాట్లాడని చోటు వెతకాలి. మాట లేని చోట మిగిలేది ఒట్టి గది చప్పుడు. అది కంప్యూటరుకి చూపించి, ఇది మోత, ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్ అని చెప్పాలి. అది నేర్చుకుని మొత్తంలోంచి తీసేస్తుంది. మరీ గట్టిగా తీయమంటే గొంతు కూడా కొరుక్కుపోయి, డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు అవుతుంది. అందుకని కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ తీయాలి.

ఫ్యానుగాలి ఒక్క పట్టున పోయింది. ఒకే తీరుగా సాగే మోతతో పేచీ లేదు. పేచీ అంతా వచ్చి పోయే చప్పుళ్లతోనే. గిన్నె, తలుపు, దగ్గు, అడుగు. వాటిని ఒక్కొక్కటే పట్టుకుని చేత్తో కోయాలి. కంప్యూటరు తెర మీద గొంతు ఒక రకంగా కనిపిస్తుంది, గిన్నె ఒక రకంగా. గిన్నె పడితే సూది నిలబడ్డట్టు ఉంటుంది. నీళ్లు గడ్డి మొలిచినట్టు ఉంటాయి. ఈ పనిలో ఇన్నేళ్లుగా ఉండి ఆవిడకి చూడగానే తెలుస్తుంది.

తీసేసినవి మాత్రం వినిపించే మీట ఒకటుంది. పొరపాటున గొంతు కూడా పోతోందేమో చూసుకోవడానికి. ఆవిడ అది నొక్కింది.

అత్తయ్య లేదు. తనే ఉంది. పొయ్యి ఆపిన చప్పుడు, చెప్పులీడ్చిన చప్పుడు, గ్లాసులో నీళ్లు పోసిన చప్పుడు, మంచం కిర్రుమనడం, తలగడ తట్టడం, మళ్లీ చెప్పులు. మళ్లీ బకెట్టు. ఆ ఇంట్లో తను తిరిగిన తిరుగుడంతా, మనిషి లేకుండా ఒట్టి చప్పుడై నడుస్తోంది. కాసేపటికి ఆవిడ మీట ఆపేసింది. ఇదా చెత్త? సరే. చెత్తే.

ఇంకో గొంతు కూడా ఉంది వెనక. "అమ్మా, నేనెవరో చెప్పు?" అని బావగారు మంచం పక్కన నిలబడి రెండుసార్లు అడిగారు. తర్వాత ఆయన ఫోను తలగడ మీదే వదిలేసి, రెండో ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. అక్కడ్నుంచి ఎవరితోనో బేరం. "టైర్లు అరిగిపోయిన బండికి అంత అడుగుతావేంటయ్యా? నేనేమన్నా పిచ్చివాణ్ణా?" అని, పెద్దగా నవ్వు. లోపల తల్లి "పెద్దాడా, పెద్దాడా" అంటుంటే బయట ఆయన క్లచ్చి గురించి తగువు పెట్టుకుంటున్నారు.

ఇదొక్కటి చాలు, హాల్లో అందరికీ వినిపిస్తే. ఆవిడ వేలు మీట మీద ఆగింది. కానీ అలా చేస్తే నలుగురూ ఏమంటారు? బావగారిని అల్లరి పెట్టిందంటారు. తగువు పెట్టుకుందంటారు. తనకి కావలసింది అది కాదు. ఆయన చెప్పిన మాటతోనే ఆయన్ని పట్టుకోవాలి. అత్తయ్య గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు. బావగారి గొంతు అత్తయ్య గొంతు కాదుగా!

ఆవిడకి నవ్వు వచ్చింది. చాలారోజులకి వచ్చిన నవ్వు, అంత మంచిది కాని నవ్వు. "అమ్మా, నేనెవరో చెప్పు?" కోసేసింది. టైర్లు కోసేసింది. నవ్వు కోసేసింది. ఆయన దగ్గు కూడా వదల్లేదు. ఆదివారం హాల్లో అందరి ముందూ మైకు పట్టుకుని, అమ్మ నాతో మాట్లాడిన చివరి మాటలు అని ఆయన చెప్పి మీట నొక్కుతారు. అందులో ఆయన జాడ వెంట్రుకవాసి కూడా ఉండదు. ఎవరితో మాట్లాడిందిరా మీ అమ్మ అని ఎవరో ఒకరు అడక్కపోరు. అప్పుడు ఆ ముఖం చూడాలి.

తన గొంతునీ కోసింది. అది ఏమంత కష్టం కాలేదు. వినకుండానే కోసింది. చివర్లో ఒకచోట తెర మీద గడ్డి దట్టంగా మొలిచి ఉంది. నీళ్ల బేసిను. రోజూ అదే వేళకి వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి అత్తయ్య కాళ్లు తుడిచేది. అక్కడ తను తప్ప ఎవరుంటారు? తెలిసినదాన్ని వినడం దేనికి? మొదలు నుంచి చివరి దాకా ఆ గడ్డినంతా ఒకే పట్టున పట్టి తీసేసింది.

చివరికి ఒక్కటి మిగిలింది. చప్పుళ్లన్నీ తీసేశాక కూడా ఆవిడ ఎప్పుడూ ఖాళీ గది చప్పుడు కాస్త తెచ్చి వెనక పరుస్తుంది. గది ఊపిరి అంటుంది దాన్ని. అది లేకపోతే మాటకీ మాటకీ మధ్య వినేవాళ్లకి చెవులు మూసుకుపోయినట్టుంటుంది. ఒకసారి మర్చిపోయి ఇస్తే లెక్కల మాస్టారు ఫోను చేసి, "అమ్మా, నేను శ్మశానంలో కూర్చుని కూడికలు చెబుతున్నట్టుందమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి మర్చిపోలేదు. ఈసారి గుర్తుండే మానేసింది. ఇంకో చప్పుడు ఉండకూడదన్నారుగా. ఊపిరి కూడా చప్పుడే.

శుక్రవారం పంపించింది. కాసేపటికి బావగారి ఫోను. "అద్భుతం అమ్మా! మొదట్లో కొంచెం విన్నాను, సైకిలు కథ. అమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. నీ చేతిలో విద్య ఉందమ్మాయ్."

"మొత్తం విన్నారా బావగారూ?"

"ఎక్కడ తీరిక? హాల్లో అందరితో పాటూ వింటాను."

"అదే మంచిది" అంది ఆవిడ, తేనె కలిపి.

ఆదివారం హాలు నిండింది. వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు, ముందు అత్తయ్య పెద్ద ఫోటో, రెండు పక్కలా మనిషంత స్పీకర్లు. చిన్నకోడలు పొద్దుట్నుంచి నిలబడే ఉంది. వచ్చినవాళ్లకి నీళ్లు, టీలు, ముసలివాళ్లకి ఫ్యాను కింద చోటు. తోడికోడలు మాత్రం మెరిసే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని కళ్లొత్తుకుంటోంది. ముందు వరసలో అత్తయ్య చెల్లెలు కూర్చుంది. ఈ ఇంటి కోడళ్లిద్దరికీ చిన్నత్తయ్య. మోకాళ్లు పనిచేయవు కానీ నోరు బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లూ పిల్లలూ ఆవిడ ముందు ఒకటే.

బావగారు మైకు తీసుకున్నారు. తల్లి గురించి, తను చేసిన సేవ గురించి చెబుతూ చెబుతూ నిజంగానే ఏడ్చేశారు. "అమ్మ నాతో మాట్లాడిన చివరి మాటలు. అందరూ వినండి" అని మీట నొక్కారు.

చిన్నకోడలు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఇక్కడైతే ఆయన ముఖం బాగా కనిపిస్తుంది.

అత్తయ్య గొంతు హాలంతా పరుచుకుంది. సైకిలు, పాలవాడు, ఒలికిపోయిన పాలు. జనం నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. చిన్నత్తయ్య "అవునే, నేను వెనక కూర్చున్నా ఆ సైకిలు మీద" అని ఫోటోతో అంది. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

తర్వాత ఆ గొంతు, "నీళ్లు" అంది.

ఏమీ లేదు. ఫ్యాను లేదు, అడుగు లేదు, గది లేదు. నూతిలోకి చూసినట్టుంది.

"నీళ్లు" అని మళ్లీ. మళ్లీ ఏమీ లేదు.

"పెద్దాడా." ఎవరూ పలకలేదు. "ఏదీ... ఎక్కడికి పోయావు?" అంత పెద్ద హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. "కాలు... కాలు లాగుతోందే." ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం చాలాసేపు ఉంది. ఎవరూ లేని ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా పడి ఉండి పిలుస్తున్నట్టే ఉంది.

ఒకరిద్దరు వెక్కారు. చిన్నత్తయ్య చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఏమిట్రా ఇది? మా అక్క నీళ్లడుగుతుంటే ఇంట్లో ఒక్కరూ పలకరేమిట్రా?"

ఈ మాట కోసమే చిన్నకోడలు రెండు రోజులుగా ఎదురుచూసింది. ఇప్పుడు అందరి ముఖాలూ బావగారి వైపు తిరగాలి. తిరిగాయి, కానీ అటు కాదు. వరసకి వరస మెడలు తిప్పుకుని వెనక గోడ వైపు, తన వైపు చూస్తున్నాయి.

"ఇంట్లో ఉండేది చిన్నకోడలేగా?" అన్నారెవరో, మెల్లగా అన్నాననుకుని.

తోడికోడలు నిట్టూర్చింది. "ఏం చెప్పమంటారు చిన్నత్తయ్యా. చెవులకి ఆ డిప్పలు పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు మా చెల్లికి. తన పని తనది."

కోసింది తనే. ఇంత శుభ్రంగా, ఇంత పనితనంతో, తనని తనే కోసేసుకుంది. బావగారు అక్కడ లేకపోతే ఏమంత వింత? ఆయన ఎప్పుడూ లేడు. ఉండవలసింది తను. ఉన్నదీ తను. నేనే తీసేశానని చెప్పాలంటే ఎందుకు తీశావని అడుగుతారు. ఏళ్ల తరబడి మూసిపెట్టిన నోరు ఆ వేళకి తెరుచుకోలేదు.

భర్త కుర్చీలోంచి లేచాడు. ఈసారి పోనీలే అనలేదు. కానీ ఇంకేమనాలో ఆయనకి అలవాటు లేదు. "అది కాదు... మా ఆవిడ... అది కాదండీ" అంటూ నిలబడిపోయాడు.

"నువ్వు కూర్చోరా" అంది చిన్నత్తయ్య. కర్ర పెద్దకొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ పెద్దాడా, నీ పేరు పెట్టి పిలిచిందిగా మా అక్క? ఆ ఫోను పట్టుకుని పక్కనే ఉన్నావుగా? ఆవిడ నీళ్లంటుంటే రికార్డు చేస్తూ కూర్చున్నావా? గ్లాసెత్తి ఇవ్వడానికి నీ చేతులేమయ్యాయి? కార్డు మీదేమో చేతుల్లో పోయిందని వేయించావు!"

బావగారి నుదురంతా చెమట. "నేను పలికాను పిన్నీ! రెండుసార్లు పలికాను! ఇందులో అదంతా పోయింది. ఇది బాగుచేయించింది. అసలుది నా దగ్గరుంది, ఉండు, వినిపిస్తాను. నేను పలికానో లేదో అందరూ వినండి!" ఫోనులో కంగారుగా వెతికి, సైకిలు కథ దాటించి నొక్కేశారు.

హాల్లోకి ఒక్కసారిగా ఫ్యాను గాలి వచ్చింది. దాని వెంట ఇల్లు వచ్చింది. తలుపు కిర్రుమంది, ఎక్కడో గిన్నె పడింది, కుళాయి తిరిగింది. "నీళ్లు" అంది అత్తయ్య. "వస్తున్నా అత్తయ్యా!" చెప్పులు టపటపమంటూ దగ్గరికి వచ్చాయి, గ్లాసు నిండింది, గుటక పడింది. "మెల్లగా, మెల్లగా. పొరపోతుంది."

"పెద్దాడా" అంది అత్తయ్య. దూరం నుంచి, బాల్కనీలోంచి, గట్టిగా జవాబు వచ్చింది. "టైర్లు అరిగిపోయిన బండికి అంత అడుగుతావేంటయ్యా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది. బావగారు ఫోను మీదికి చెయ్యి చాపారు.

"ఉండనీ" అంది చిన్నత్తయ్య. "వినమన్నావుగా. వింటున్నాం."

"నేనేమన్నా పిచ్చివాణ్ణా?" అని స్పీకర్లలోంచి బావగారు అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. "ఏదీ... ఎక్కడికి పోయావు?" "ఇక్కడే ఉన్నానండీ, పొయ్యి ఆపి వస్తున్నా." ఇప్పుడు ముఖాలన్నీ మళ్లీ వెనక్కి తిరిగాయి, ఇందాకటిలా కాదు. తోడికోడలు చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నేల చూస్తోంది. బావగారు ఎక్కడ చూడాలో తెలియక తల్లి ఫోటో వైపు చూసి, అక్కడా నిలవలేక పక్కకి తిరిగారు. చిన్నకోడలు కోరుకున్న ముఖం అదే. చూసింది. తృప్తిగా, సిగ్గు లేకుండా, కడుపు నిండా చూసింది.

"కాలు లాగుతోందే." బేసిను కింద పెట్టిన చప్పుడు. నీళ్లు. గుడ్డ పిండిన ధార. తను తెర మీద చూసి కోసేసిన గడ్డి. హాల్లో వాళ్లకి అది ఒట్టి నీళ్ల చప్పుడు. కొందరు అప్పటికే లేచి మాటల్లో పడ్డారు. ఏళ్లుగా చప్పుళ్ల మధ్య గొంతు వెతకడం అలవాటైన చెవులు ఆవిడవి. నీళ్ల కింద ఇంకేదో ఉంది. చాలా సన్నగా, పెదవులు తలగడకి ఆనుకుని, ఫోనుకి తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

"నువ్వు తిన్నావా?"

దాని మీదే తన గొంతు, గట్టిగా, పనితొందరలో. "ఆ కాలు ఇటు పెట్టండత్తయ్యా."

మళ్లీ గుడ్డ పిండిన చప్పుడు. ఆ గొంతు ఇంకోసారి అడగలేదు.

చిన్నకోడలు వెనక గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేసింది, ఎవరో పిలిచినట్టు. అంతలో రికార్డింగు అయిపోయింది.

ఆ తర్వాత చాలామంది వచ్చి పలకరించారు. చిన్నత్తయ్య చెయ్యి పట్టుకుని, "ఆ గిన్నెల మోతేమిటే తల్లీ, మా అక్క ఎలా భరించిందో" అని, పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు. హాలు బయట బావగారు కారు తలుపు తీసి నిలబడి ఉన్నారు. ఆవిడ దాటి వెళ్లబోతుంటే అడిగారు, ఆయన గొంతుకి అలవాటు లేనంత చిన్నగా.

"నా గొంతు కూడా తీసేశావేంటమ్మా?"

"మీరే చెప్పారుగా బావగారూ. అత్తయ్య గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదని."

ఆయన కారెక్కి తలుపు వేసుకున్నారు. ఆ రుచి కూడా ఆవిడ వదులుకోలేదు. కానీ నాలిక మీద అది ఎంతోసేపు నిలవలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. భర్త స్నానానికి వెళ్లాడు. వంటింట్లో నిలబడ్డాక తెలిసింది ఆవిడకి, పొద్దుట్నుంచి తను ఏమీ తినలేదని. వచ్చినవాళ్లందరికీ వడ్డించింది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. ఆవిడ కంచం తీసింది. మూత చేజారి నేల మీద గింగిరాలు తిరుగుతూ మోగింది. మామూలుగానైతే గబుక్కున కాలితో నొక్కి ఆపేది. ఈసారి దానంతట అది ఆగేదాకా ఊరుకుంది.

కంచంలో వడ్డించుకుని అత్తయ్య గదిలోకి వెళ్లింది. ఫ్యాను వేసింది. బల్ల ముందు కుర్చీలో కాకుండా, మంచం ఉండే చోట, కాళ్ల వైపు, బేసిను పెట్టుకుని కూర్చునే చోటే నేల మీద కూర్చుంది. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకునే ముందు, పక్కగదిలో మనిషికి వినిపించేంత గట్టిగా పైకే అంది.

"ఇంకా లేదత్తయ్యా. ఇదిగో, ఇప్పుడు తింటున్నాను."